బాకా పడిన తూరి

మా పెళ్లి ఎప్పుడైందని మా అత్తగారింట్లో ఎవరినడిగినా సంవత్సరం చెప్పేవారు కాదు. "బాకా పడిన తూరి" అనేవారు. కర్నూలులో మా పుట్టింటి వీధిలో మెరవణి సాగుతుండగా బ్యాండు మేళంలో బాకా ఊదే మనిషి రాయి తట్టుకొని బోర్లా పడ్డాడు. బాకా దొర్లుకుంటూ వచ్చి పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం కాళ్ల దగ్గర ఆగింది. గుర్రం బెదిరింది. పెళ్లికొడుకు దాని మెడ కరుచుకొని వేలాడాడు. వేరే ఇంట్లో అయితే ఆ సంగతే తలుచుకొని నవ్వుకునేవారు. మా మామ మాత్రం, బాకా ఆగినా క్లారినెట్టు ఆగలేదనీ, అది వాయించే ముసలాయన ఒక్కడే పాటను చివరిదాకా లాక్కుపోయాడనీ చెప్పేవాడు. గుర్రం మీద ఉన్నది తన కొడుకేనన్న సంగతి ఆ కథలో ఎక్కడా వచ్చేది కాదు.

ఆ మేళం కర్నూలుది. ఎర్రకోట్లు, ఇత్తడి గుండీలు, ఎండకు వెలిసిన టోపీలు. ఏటా శివరాత్రికి మహానందిలో వాయించి, అక్కడినుంచి పెళ్లి ఎక్కడ కుదిరితే అక్కడికి తిరుగుతూ, ఎండలు ముదిరేసరికి కమలాపురం చేరేవారు. కమలాపురంలో వాళ్లకోసం ఏడాదంతా కాచుకొని ఉండేవాళ్లు ఇద్దరు. ఒకరు మా మామ. రెండో ఆయన మా అత్తకు అన్న, నాకు వరసకు పెదనాయన. ఇద్దరివీ పక్కపక్క పొలాలు, ఒకే వయసు. ఒకరినొకరు బావా అనుకునేవారు.

మేళం ఊరికి వచ్చిన ఒక్కో తూరికీ వాళ్లు ఒక్కో పేరు పెట్టుకున్నారు. తలపాగాల తూరి, వాన తూరి, కొత్త డోలు తూరి. పొద్దున అరుగు మీద కూర్చుంటే ఏ తూరి గొప్పదో తేల్చకుండా లేచేవారు కాదు, తేలేదీ కాదు. వాన తూరి డోలు తడిసి మూగబోయిందని పెదనాయన అంటే, అందుకే క్లారినెట్టు బాగా వినబడిందని మామ అనేవాడు. ఎద్దులు మేతకోసం అరిచేవి. అత్త లోపలినుంచి పాత్రలు చప్పుడు చేసేది. వాళ్లకు ఆ వాయిద్యం వినబడేది కాదు.

నా పెళ్లయిన కొన్నాళ్లకు ముసలాయన పళ్లు ఊడిపోయాయి. క్లారినెట్టు ఆయన అల్లుడి చేతికి వచ్చింది. అప్పటినుంచి పోరు ముదిరింది. మామ ముసలాయన పక్షం. అల్లుడి వాయింపు చక్కెర నీళ్లు తాగినట్టు ఉంటుందని ఆయన మాట. పెదనాయన అల్లుడి పక్షం. ముసలాయన పాట ఏదైనా ఒకే పాటలా వినబడేదని ఈయన మాట. ఒకసారి ఆ మాట మీద పెదనాయన మా ఇంట్లో పెట్టిన విస్తరి ముందునుంచి లేచిపోయాడు. ఆ రోజు అత్త పొట్టేలు కూర వండింది. అందుకే ఆమె ఆ కోపం మరుసటి ఏడుదాకా మరవలేదని నా అనుమానం.

మరుసటి ఏడు మా ఊళ్లో పెళ్లికి మేళం వచ్చి సత్రంలో దిగింది. ముసలాయనకు పని లేకపోయినా ఇంట్లో ఉండలేక వెంట వచ్చాడని తెలిసింది. అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నీ పెండ్లికి వాయించినోళ్లే గదా. నువ్వు పిలిస్తే రారా? పోయి చెప్పు, ఉగ్గాని బజ్జీలు చేస్తాండానని."

దానితోపాటు ఇంకా ఏం చెప్పాలో కూడా చెప్పింది. నేను కొంగు తలమీదికి లాక్కొని సత్రానికి పోయాను. ముసలాయనది మా పుట్టింటి వెనక వీధే. నన్ను బేటీ అని పిలిచేవాడు. అత్త ఆలోచన వినగానే దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అల్లుడు మాత్రం జంకాడు. పెద్దమనుషులకు కోపం వస్తే వచ్చే ఏడు పిలవరేమో అన్నాడు. ముసలాయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"నేను వాయించినన్నాళ్లు మా ఉస్తాదే గొప్పని నా మొహం మీదనే చెప్పినారు ఈ కమలాపురపోళ్లు. నాకు పండ్లు పోయినంక నేను గొప్పోణ్ణయినా. నువ్వు దిగులు పడాకు, రా."

మర్నాడు పొద్దున అత్త బావలిద్దరినీ పశువుల కొట్టంలో కూర్చోబెట్టింది. తలుపు వేస్తాననీ, వీధిలో ఒక పాట వాయిస్తారనీ, కాసేపాగి అదే పాట మళ్లీ వాయిస్తారనీ, ఎప్పుడు ఎవరు వాయించారో వాళ్లే చెప్పాలనీ అన్నది. ముసలాయనకు పళ్లు లేవు కదా అని పెదనాయన అడిగాడు.

"కర్నూల్లో పండ్లు కడతారంట గదా," అన్నది అత్త. ఆమె చెప్పింది అంతే. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

అల్లుడు వాయించాడు. ఆగాడు. ఒక బజ్జీ తిన్నాడు. మళ్లీ తనే వాయించాడు. ముసలాయన మా అరుగు మీద కూర్చొని ఉగ్గాని బొరుగులను చిగుళ్లతో నెమ్మదిగా నములుతూ తాళం వేశాడు. నేను కొంగు నోట్లో కుక్కుకొని గోడకు ఆనుకున్నాను.

అత్త కొట్టం తలుపు తీసింది. మామ ముఖం వెలిగిపోతోంది. మొదట వాయించింది ముసలాయనేననీ, ఆ ఊపిరి ఇంకెవరికీ రాదనీ, రెండోది తేలిపోయిందనీ అన్నాడు. పెదనాయన తల అడ్డంగా ఊపాడు. మొదట వాయించింది అల్లుడేననీ, అందుకే అంత బాగుందనీ, రెండోసారి ముసలాయన పాపం కట్టుడు పళ్లతో అవస్థ పడ్డాడనీ అన్నాడు.

అత్త ఇద్దరినీ వీధిలోకి తీసుకొచ్చింది. ముసలాయన లేచి సలాం చేసి నోరు తెరిచాడు. లోపల ఒక్క పన్ను లేదు. రెండుసార్లూ అల్లుడే వాయించాడని అత్త చెప్పింది.

డోలు వాయించేవాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పెదనాయన అల్లుడి దగ్గరికి పోయి అడిగాడు.

"ఏమప్పా, మరి రెండోతూరి ఎందుకు చెడగొట్టినావు?"

అల్లుడు, నడుమ మిరపకాయ బజ్జీ తిన్నాననీ, నోరు మండిందనీ ఒప్పుకున్నాడు.

అంతే. మామ పెదనాయన భుజం మీద చెయ్యి వేశాడు. "సూస్తివా బావా. మనిషి ఒగడే అయినా తేడా పట్టినాం." ఇద్దరూ ఒకే పక్షమై అరుగు ఎక్కి కూర్చొని, మిగిలిన ఉగ్గాని అంతా తినేశారు. కొట్టంలో ఉండి బజ్జీని కనిపెట్టిన సంగతి సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ముందు కనిపెట్టింది ఎవరన్న దానిమీద మాత్రం చిన్న తగువు వచ్చింది.

అత్త ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మేళం రెండు రోజుల తర్వాత ఎర్రగుంట్ల పెళ్లికి పోతోందనీ, బజ్జీ లేకుండా అల్లుడు ఎట్లా వాయిస్తాడో వినడానికి బావలిద్దరూ రైలుకు పోతున్నారనీ తెలిసేసరికి తానూ వస్తానన్నది. బజ్జీ తినకుండా ఎవరైనా కనిపెట్టుకొని ఉండాలి కదా అన్నది. ఆమె అంతకుముందు వాకిట్లో నిలబడి వినడమే తప్ప మేళం వెంట ఎక్కడికీ పోలేదు. పట్టుచీర కట్టుకొని ఆ ఇద్దరి నడుమ నడిచి స్టేషనుకు పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ తిరిగి వచ్చారు. మామ, పెదనాయన ఎర్రగుంట్ల తూరి మా వీధిలోని మొదటి పాటకంటే మేలా కాదా అని వాదించుకుంటూనే గడప దాకా వచ్చారు. అత్త కాళ్లు కడుక్కుంటూ చెంబు పక్కన పెట్టింది.

"ఈడగానీ ఆడగానీ మీరు విన్నదేమీ గొప్పది గాదు. వాన తూరే మేలు. ఆ పొద్దు నేను వాకిట్లో నిలబడి విన్నా, మీరిద్దరూ గొడుగుకోసం కొట్లాడుకుంటాంటిరి."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె చెయ్యి తుడుచుకొని అరుగు మీదనే కూర్చుంది. నేను లోపలికి పోయి పొయ్యి వెలిగించి, జొన్నపిండి కలుపుకోవడం మొదలుపెట్టాను. ఇక ఆ పూట వంటింట్లోకి ఆమె రాదని నాకు తెలిసిపోయింది.