గాడి కొయ్యని తాళంచెవి

మా కరిముల్లా అన్నయ్య వన్ టౌన్‌లో తాళాలు బాగుచేస్తాడు. అరుగు మీద ఒక పెట్టె, ఆకురాయి, తీగకు గుచ్చిన తాళంచెవులు. మెత్తటి మనిషి. ఎవరన్నా గట్టిగా మాట్లాడితే తల దించుకుని ఆకురాయి అందుకుంటాడు.

పెళ్లయి తొమ్మిదేళ్లయినా ఫిర్దౌస్ వదినకు పిల్లల్లేరు. అన్నయ్యకు పరీక్ష చేస్తే వీర్యకణాలు చాలినన్ని ఉన్నాయి, చురుగ్గా కదులుతున్నాయి అన్నారు. అంతే, లోపం వదినదే అయిపోయింది. తొట్టెల వేడుకలకు ఆమెను పిలవడం మానేశారు. ఏడో తరగతితో బడి మాని ఇంట్లోనే ఉన్నదాన్ని, ఆమె మాటిమాటికీ ముఖం కడుక్కోవడం నేను చూసేదాన్ని.

2008లో ఛాయాదేవి డాక్టరుగారు అన్నయ్య కణాన్ని సూదితో వదిన అండంలోకి పంపారు. అండం మేలుకోలేదు. ఆవిడ ఇద్దరినీ కూర్చోబెట్టి చెబుతుంటే, తోడు వెళ్లిన నేనూ విన్నాను. వీర్యకణం తయారయ్యేటప్పుడే దాని తలలో ఒక ఎంజైము చేరాలట. అండంలోకి వెళ్లాక అది అక్కడి కొవ్వును తెంచి, లెమ్మని కబురు పంపుతుందట. ఆ కబురు అందితేనే బిడ్డ మొదలవుతుంది.

"మీ కణాల్లో అది సరిగా లేదనిపిస్తోందండీ. అండం బాగానే ఉంది. ఈసారి మందుతో లేపి చూద్దాం," అన్నారు.

దారిలో అన్నయ్య అరుగు దగ్గర ఆగి పనిసంచి తీసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి తెనాలి నుంచి మా మేనమామ నవాబ్ వచ్చి ఉన్నాడు. అన్నయ్య రెండో పెళ్లికి సంబంధం తెచ్చాడు.

"ఎండిన చెట్టుకి ఎన్నాళ్లు నీళ్లు పోస్తావురా అల్లుడూ?"

వదిన గుమ్మంలోనే ఆగిపోయింది. అన్నయ్య సంచిలోంచి తాళం తీసి, ఒక తాళంచెవి దూర్చి మామ చేతిలో పెట్టాడు.

"తిప్పు మామా."

మామ తిప్పాడు. పళ్లు బిగించి మళ్లీ తిప్పాడు. "తాళం పాడైందిరా."

అన్నయ్య ఇంకో తాళంచెవి పెట్టాడు. టక్కున తెరుచుకుంది.

"తాళం బానే ఉంది మామా. నువ్వు తిప్పింది ఇంకా గాడి కొయ్యనిది. దూరుద్ది, తెరవదు. నేనూ అంతే. లోపం ఫిర్దౌస్‌ది కాదు, నాది. డాక్టరమ్మ చెప్పింది."

"ఛీ! మగాడు చెప్పుకునే మాటేంట్రా అది?" అంది అమ్మ.

"తొమ్మిదేళ్లు ఫిర్దౌస్ పడ్డ మాటే కదమ్మా!"

అన్నయ్య గొంతు లేవడం నేను వినడం అదే మొదలు. మామ చెప్పులు వెతుక్కున్నాడు.

తర్వాతి ఏడు మందు పనిచేసింది. అఫ్సానా పుట్టింది. తొట్టెల వేడుకకు వీధంతా వచ్చింది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అమ్మే చెప్పింది:

"మా కోడలు బంగారం. మావాడి తాళంచెవికే గాడి లేదమ్మా!"

అన్నయ్య తల దించుకోలేదు. పిల్లను ఎత్తుకున్న వదిన, అందరి మధ్యా పైకే నవ్వింది.