స్టీలు కొట్టులో సమితులు

మొన్న మా మేనకోడలి సీమంతానికి గిన్నెలు కొందామని రాజమండ్రిలో ఒక స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళాను. లోపలి గదిలో ఎవరో గిన్నె మీద పేరు చెక్కుతున్నారు. ఆ మిషను చప్పుడు మీరూ వినే ఉంటారు. పళ్ళ డాక్టరు గదిలోంచి వచ్చే చప్పుడుకి అది చెల్లెలు వరస. మామూలువాళ్ళు చెవులు మూసుకుంటారు. నాకు మాత్రం మండు వేసవి, తాటిముంజలు, సమితులు, సంబంధాలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి మొహం విప్పారింది. కొట్టబ్బాయి నన్ను అదోలా చూశాడు. ఎంతోమందికి లెక్కలు చెప్పే మనిషిని, నాకు లెక్కలు చెప్పింది ఒక స్టీలు కొట్టు అంటే నమ్మడు కదా అని ఊరుకున్నాను.

మాది నిడదవోలు. మా పక్కిల్లు రాఘవమ్మ గారిది. ఇంటి ముందు గదే ఆవిడ కొట్టు. నేను పిన్నిగారు అని పిలిచేదాన్ని. అప్పటికి ఆవిడకి యాభై దాటి ఉంటాయి. పొడగరి. కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేలాడేసుకునేవారు. బి.ఎస్సీ. లెక్కలు రెండో ఏడు చదువుతుండగా పెళ్ళయి ఆ వ్యాపారస్తుల ఇంట్లో అడుగుపెట్టారు. పెళ్ళితో కాలేజీ ఆగింది గానీ లెక్కలు ఆగలేదు. బేరం లేని వేళల్లో పాత పుస్తకం తీసి, చుట్టాలకి ఉత్తరం రాసుకున్నంత హాయిగా లెక్కలు చేసుకునేవారు. ఎవరైనా వచ్చి గిన్నె అడిగితే వేలి కణుపుతో దాని మీద ఒక్కటి కొట్టి, ఆ మోత విని, ఇది మీకొద్దు అనేసేవారు. సొంత సరుకుని కాదనే వ్యాపారిని నేను మళ్ళీ చూడలేదు.

నేను ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో తప్పాను. పదకొండు మార్కులు. పేపరు దిద్దినవాళ్ళదే పొరపాటని రెండు రోజులు వాదించి, మూడో రోజు నాకే సిగ్గేసి మానేశాను. నాన్న రైల్వేలో గుమాస్తా. కోప్పడే మనిషి కాదు. "సప్లిమెంటరీ రాయమ్మా. అందులోనూ పోతే సి.ఇ.సి. గ్రూపులోకి మారిపోదువుగాని. అందరూ లెక్కలే చదవాలని ఎక్కడా రాసిపెట్టి లేదు" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ మెత్తదనమే నన్ను కోసింది. ఎందుకంటే నాకు లెక్కలు రావు గానీ లెక్కలంటే ప్రాణం. రానిదాని మీద ఇష్టం పెంచుకోవడం ఎంత నగుబాటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పరీక్షకి నెలన్నర ఉంది. ఆ నెలన్నరలో తేలకపోతే లెక్కలకీ నాకూ జన్మకి రామ్ రామ్.

గోడ మీదుగా సంగతి విన్న రాఘవమ్మ గారు నాన్నతో, "రేపట్నించి పొద్దున్నే కొట్టు తీసే వేళకి పంపండి. మా పేర్లు చెక్కే అతను సొంతూరు వెళ్ళిపోయాడు, పెళ్ళిళ్ళ రోజులు. రమణి రాత బాగుంటుంది. నాకు పేర్లు చెక్కి పెడుతుంది, నేను దానికి లెక్కలు చెప్తాను" అన్నారు. అలా కుదిరింది మా ఒప్పందం.

మొదటి రోజే నేను తెలివి చూపించబోయాను. ఒకదాంట్లో ఒకటి ఇమిడిన గిన్నెల దొంతర చూసి, "ఇవన్నీ ఉపసమితులే కదండీ" అన్నాను. ఆవిడ మెచ్చుకుంటారని ఎదురుచూశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశారు. "అందరూ ఇక్కడే పడతారు" అని, ఒక పెద్ద డబ్బాలో చిన్న ఖాళీ డబ్బా మూతపెట్టి ఉంచి నా ముందుకి తోశారు.

"చిన్న డబ్బాలో ఏముంది?"

"ఏమీ లేదండి."

"పెద్దదాంట్లో?"

"ఏమీ... చిన్న డబ్బా ఉందండి."

"మరి పెద్దది ఖాళీయేనా?"

కాదు. శూన్య సమితి వేరు, శూన్య సమితిని లోపల పెట్టుకున్న సమితి వేరు. లోపలున్న డబ్బా పెద్దదానికి మూలకం. పెద్ద డబ్బాలో ఉన్న సరుకులోంచి కొంత తీసి విడిగా పోగేస్తే, ఆ పోగు ఉపసమితి. పరీక్షలో ఈ రెండూ కలగాపులగం చేసి నిండు పేజీ రాసి వచ్చానని అప్పుడు తెలిసింది. ఏడాదంతా బట్టీ కొట్టినా బుర్రకెక్కనిది రెండు డబ్బాలతో ఎక్కింది. ఆవిడ శభాష్ అనలేదు. "సరే, తరవాత" అన్నారు. ఆవిడ నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

రెండు వారాలకి నాకు కాస్త పొగరు కూడా వచ్చింది. తుల్యతా సంబంధానికి పుస్తకంలో మూడు లక్షణాలు ఉంటాయి. ఎవరికి వారితో సంబంధం ఉండాలి, అది పరావర్తనం. నాకు మీతో ఉంటే మీకు నాతో ఉండాలి, అది సౌష్ఠవం. నాకు మీతో, మీకు మరొకరితో ఉంటే నాకూ ఆ మరొకరితో ఉండాలి, అది సంక్రమణం. నేను ముంజ తింటూ ప్రకటించాను: "పిన్నిగారూ, ఇందులో మొదటిది దండగండి. నాకు మీతో ఉంది, మీకు నాతో ఉంది, కాబట్టి మూడో సూత్రం ప్రకారం నాకు నాతో ఉన్నట్టే. మిగతా రెండూ ఉంటే అది దానంతటదే వచ్చేస్తుంది."

ఆవిడకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నారు. "ఒకే ఇంటి కోడళ్ళు అనే సంబంధం తీసుకో. మా తోటికోడలూ నేనూ ఒకే ఇంటి కోడళ్ళం. తిరగేసినా అంతేనా?"

"అంతేనండి."

"మూడో కోడలు వస్తే?"

"ఆవిడా మీతో పాటేనండి."

"ఇప్పుడు ఈ వీధిలో ఆడవాళ్ళందరినీ ఒక సమితి అనుకో. నువ్వూ ఉన్నావుగా అందులో. నువ్వు ఏ ఇంటి కోడలివి?"

"ఎవరింటికీ కాదండి."

"మరి నీకూ నీకూ ఆ సంబంధం ఉందా?"

లేదని ఒప్పుకుని ముంజ పక్కన పెట్టాను. "ఎవరితోనూ సంబంధం లేనివాళ్ళు కూడా లెక్కలోకి వస్తారే. వాళ్ళని మర్చిపోయావు, అందుకే తప్పింది" అన్నారు. ఆ తరవాత ఏ సమితి చూసినా, మూల నుంచున్న ఆ ఒంటరి మూలకం ఎవరా అని ముందు వెతుక్కోవడం అలవాటైంది.

పరీక్ష ఇంకా పది రోజులు ఉందనగా నేను కొంప ముంచాను. పట్టిసీమ వైపు నుంచి ఒక రైతు కుటుంబం పెళ్ళి గిన్నెలు పురమాయించింది. మగపెళ్ళివారి ఆడవాళ్ళకి ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు తలో గిన్నె పెడతారు, మీద ఎవరు ఎవరికి ఇచ్చిందీ చెక్కాలి. పేర్లు రెండు కాగితాల మీద పంపారు. మొదటి కాగితంలో ఎడమవైపు ఇచ్చేవాళ్ళు, కుడివైపు పుచ్చుకునేవాళ్ళు. రెండోది వేరెవరో రాశారు, అందులో వరస తిరగబడింది. పైన అలా రాసే ఉంది. నేను చూడలేదు. నా రాత చూసుకుని మురిసిపోతూ రెండో కాగితంలోని తొమ్మిది గిన్నెలూ మొదటి వరసలోనే చెక్కేశాను. పెళ్ళికూతురి పిన్ని వచ్చి ఒక గిన్నె ఎత్తి చదివింది. ఆవిడ మొహం రంగు మారింది.

"ఏంటండీ ఇది? మేం పెడుతున్న గిన్నెల మీద వాళ్ళు మాకు పెట్టినట్టు ఉంది. పెళ్ళిలో మా మొహాలు ఎక్కడ పెట్టుకోవాలండీ?"

స్టీలు మీద చెక్కింది చెరిపితే పోయేది కాదు. రాఘవమ్మ గారు ఆవిడని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, రేపటికల్లా కొత్తవి సరిగ్గా చెక్కి ఇస్తామని మాటిచ్చారు. ఆవిడ వెళ్ళాక నేను ఏడ్చాను. క్రమయుగ్మంలో ఏది ముందో ఏది వెనకో మారితే అర్థమే మారిపోతుందని ముందురోజే అప్పజెప్పిన మనిషిని. "నాన్న చెప్పిందే నయమండి. నేను పరీక్ష రాయను. లెక్కలు నాకు వద్దు" అన్నాను.

"మానేద్దువుగాని. ముందు ఈ లెక్క తేల్చు. ఈ తొమ్మిది గిన్నెలూ ఏమంటున్నాయి?"

"వాళ్ళు వీళ్ళకి ఇచ్చారని."

"అది అబద్ధమా?"

"అబద్ధమే కదండి."

"వాళ్ళు ఇస్తే?"

మర్నాడు పొద్దున్న కొత్త గిన్నెలు చెక్కి పంపించి, తప్పు గిన్నెలు సంచిలో వేసుకుని ఇద్దరం సామర్లకోట ప్యాసింజరు ఎక్కాం. మగపెళ్ళివారిది ఆ ఊరే. రైల్లో ఆవిడ ఒక్క ఓదార్పు మాట అనలేదు. గోదావరి మీద వంతెన దాటుతుంటే కిటికీలోకి కూడా చూడకుండా, "చెక్కింది నువ్వు, చెప్పేది కూడా నువ్వే" అన్నారు.

పెళ్ళికొడుకు తల్లి నిండైన మనిషి. వియ్యాలవారు ఏమైనా తక్కువ చేశారేమోనని అనుమానంగానే కూర్చున్నారు. నేను గిన్నెలు ఆవిడ ముందు పేర్చి, తప్పు నాదేనండి అని మొదలుపెట్టాను. "రెండు కాగితాల్లో వరస వేరువేరుగా ఉందండి. నేను రెండూ ఒకేలా చదివేశాను. దానివల్ల మీరు వాళ్ళకి ఇచ్చినట్టు వచ్చిందండి. వాళ్ళు మీకు ఇచ్చేవి మళ్ళీ చెక్కేశామండి. ఇవి మీరు వాళ్ళకి ఇస్తే, రెండువైపులా ఇచ్చిపుచ్చుకున్నట్టు ఉంటుందండి. ఒక్క గిన్నె కూడా అబద్ధం చెప్పదండి."

"మగపెళ్ళివారు ఎదురు పెట్టడం ఎక్కడన్నా ఉందా?" అన్నారావిడ.

నేను పిన్నిగారి వైపు చూశాను. ఆవిడ గోడ మీది క్యాలెండరు చదువుకుంటున్నారు. గతిలేక నేనే అన్నాను: "పెట్టకూడదని కూడా ఎక్కడా లేదు కదండి."

పెళ్ళికొడుకు తల్లి ఒక గిన్నె తీసుకుని, కిటికీ వెలుతుర్లో తిప్పి, తన పేరుని వేలితో తడిమి చూసుకున్నారు. "మా ఇంట్లో ఏ గిన్నె చూసినా మా మావగారి పేరో మా ఆయన పేరో ఉంటుంది. నేను ఒకరికి ఇచ్చానని నా పేరు చూడ్డం ఇదే" అన్నారు. తరవాత నవ్వి, "ఉంచండి. మేమే కొన్నామనుకోండి. ఈ అమ్మాయి ఏం చదువుతోంది?" అని అడిగారు.

"లెక్కలండి. ఒకసారి తప్పింది. మళ్ళీ రాస్తోంది" అన్నారు రాఘవమ్మ గారు, నన్ను అడగకుండానే. నేను కాదనలేదు. నేను చేసిన తప్పు ఎక్కడ పుట్టిందో, ఎటు పోయిందో, ఎలా సర్దుకుంటుందో ముక్కూమొహం తెలియని మనిషికి తడుముకోకుండా చెప్పగలిగాను. లెక్క రావడం అంటే అదేనని తిరుగు రైల్లో మెల్లగా తెలిసింది. అప్పుడు కిటికీ పక్కన కూర్చుని గోదావరి కనుమరుగయ్యేదాకా చూశాను.

ఆ పెళ్ళిలో మగపెళ్ళివారు ఎదురు గిన్నెలు పెట్టారన్న సంగతి ఊరూరా చెప్పుకున్నారు. మా మొహాలు ఎక్కడ పెట్టుకోవాలన్న ఆ పెళ్ళికూతురి పిన్నే తరవాత మా కొట్టుకి వచ్చి, తమ వియ్యంకుల మర్యాద గురించి గంటసేపు ఊదరగొట్టింది.

నేను పరీక్ష రాశాను. ఫలితాలొచ్చిన రోజు అరవై రెండు మార్కులు. నాన్న ఆఫీసులో అందరికీ కాజాలు పంచారు. నేను చెప్పుల్లేకుండా కొట్టులోకి పరిగెత్తి, "పాసయ్యానండి, అరవై రెండండి" అన్నాను. రాఘవమ్మ గారు బేరం మధ్యలో ఉన్నారు. "సంబంధాల ప్రశ్న వచ్చిందన్నావుగా. ఏం రాశావు?" అన్నారు. పండగపూట పిడుగులా అనిపించింది. చెప్పాను. సంక్రమణం దగ్గర రెండు ఉదాహరణలు చూపించి ఊరుకున్నానని కూడా నసుగుతూ చెప్పాను. "రెండు చూపిస్తే అన్నిటికీ రుజువైపోతుందా? కూర్చో" అని, బేరగాణ్ణి నిలబెట్టి, కాగితం నా ముందు పెట్టారు. పాసైన రోజున పోయిన లెక్క చేయించిన మనిషి ఆవిడ. ఆ పూట నాకు ఉక్రోషం వచ్చింది. ఆవిడకి నా అరవై రెండు కంటే నా బుర్రలో ఏముందో ముఖ్యం అని, నన్ను అంత గట్టిగా పట్టించుకున్నవాళ్ళు అప్పటిదాకా లేరని అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి ఆవిడ లేరు. ఈ మాట ఆవిడతో అనలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. పోయిన వారం ఒకమ్మాయి మార్కుల కాగితం మీద అంకె కనబడకుండా బొటనవేలు అడ్డం పెట్టుకుని స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. వేలు తియ్యమని నేను అనలేదు. "మూడో ప్రశ్నకి ఏం రాశావమ్మా?" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. "మేడం, నేను ఫెయిలండి" అంది. తెలుసన్నాను. "అయినా చెప్పమంటారా?" అంది. చెప్పమన్నాను. ఆ పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం బల్ల మీద పెట్టేసి, రెండు చేతులూ తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టింది.