అమ్మ అడగని ప్రశ్న

మా చిన్నప్పుడు... అమెరికాలో, మోరిస్‌విల్ అపార్ట్‌మెంట్‌లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని అమ్మ ఉత్తరం రాస్తోంది. నా స్కూల్ నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితాలు... అప్పటికి మూడుసార్లు రాసి చింపేసింది.

ఆ ఏడే మాకు గ్రీన్‌కార్డ్ వచ్చింది, దాంతో అమ్మకి ఉద్యోగం చేసుకునే వీలూ వచ్చింది. గుంటూరులో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసిన మనిషి, ఇక్కడ ఆరేళ్లుగా నా లంచ్ బాక్స్‌కే అంకితమైపోయింది. ఇప్పుడు నర్సింగ్ చదవాలని కోరిక... ముప్పై తొమ్మిదేళ్లకి చదవగలనా అని బెంగ. ఆ ఒక్క మాట అడగడానికే వేరే రాష్ట్రంలో, కమ్మింగ్ అనే ఊళ్లో ఉండే డాక్టర్ ఆంటీకి ఈ ఉత్తరం. ఎప్పుడో ఒక పెళ్లిలో పరిచయమైన పెద్దావిడ.

"ఈమెయిల్ చేయొచ్చుగా?" అన్నారు నాన్న.

"పెద్దావిడని సలహా అడుగుతూ ఈమెయిలా? బాగుండదండీ."

మొత్తానికి మూడు పేజీలు అయింది. క్షేమసమాచారాలు, ఆంటీ మోకాళ్ల నొప్పులు, అంకుల్ పెంచే బీరపాదు... అన్నీ ఉన్నాయి. అసలు ప్రశ్న తప్ప! మొదటి ఉత్తరంలోనే పని చెప్పుకుంటే ఏమనుకుంటారోనని మా అమ్మ మొహమాటం.

జవాబు కూడా అంతే మర్యాదగా వచ్చింది. అందరం కులాసా, ఇటు వస్తే తప్పకుండా రండి, మీ గోంగూర పచ్చడి ఎలా చేస్తారో రాయండి... అమ్మ నవ్వుతూ చదివింది. తర్వాత మెల్లగా లేచి, నర్సింగ్ కాలేజీ వాళ్లు పంపిన కోర్సుల పుస్తకాన్ని పాత పేపర్ల కట్టలో పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది.

గోంగూర పచ్చడి ఉత్తరం పోస్ట్ చేసే పని నాది. కవరు అంటించే ముందు, కింద పెన్సిల్‌తో వంకర టింకరగా రాశాను. "ఆంటీ, మా అమ్మ నర్సింగ్ చదవచ్చా? తనకి అడగడానికి మొహమాటం."

వారానికి ఫోన్ మోగింది. స్పీకర్‌లో ఆంటీ గొంతు... "ఇంత చిన్న మాటకి రెండు ఉత్తరాలా అమ్మాయ్? ముందు ఒక్క క్లాస్‌లో జాయిన్ అవ్వు. భయం అదే పోతుంది."

అమ్మ నన్ను తిట్టింది, పెద్దవాళ్లకి అలా రాస్తారా అని. తిడుతూనే పాత పేపర్ల కట్ట విప్పింది.

ఇప్పుడు నేనూ సలహాలు అడుగుతుంటాను... వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క లైన్, నిమిషంలో ముప్పై జవాబులు. కానీ నిజంగా కావాల్సిన సలహా ఉంటుంది చూడండి, అది అందులో అడగలేం. మొన్న ఉద్యోగం మానేయాలా వద్దా అని అమ్మకి మెసేజ్ టైప్ చేసి, చెరిపేసి, "తిన్నావా?" అని మాత్రం పంపాను.

వెంటనే ఫోన్ చేసింది... హాస్పిటల్‌లో నర్సు డ్యూటీ మధ్యలోనే.

"తిన్నాను గానీ... కింద పెన్సిల్‌తో రాయాల్సింది ఏంటో చెప్పు."

మీ ఇంట్లోనూ మొహమాటంతో మడిచి పెట్టేసిన ప్రశ్న ఏదైనా ఉందా? ఇక్కడైనా అడిగేయండి...