బాపు చేతిలో మీటరు బద్ద

ఆ రోజుల్లో ఆడపిల్ల కాలేజీలో ఏం చదువుతోందని బజారులో ఎవరూ అడిగేవారు కాదు. ఎలా పోతోందన్నదే అందరి పట్టింపు. బస్సులో పోతే ఏ పక్కన కూర్చుంది, రిక్షాలో వస్తే ఎవరితో వచ్చింది, నడిచి వస్తే అసలు ఎందుకు నడిచింది? మా ఇల్లూ, మా నాన్న (మేం బాపు అంటాం) బట్టల దుకాణమూ వరంగల్‌లో. నేను బీఎస్సీ చదివే కాలేజీ హనుమకొండలో. మధ్యలో ఉన్నవి బస్సులు. పొద్దున ఎక్కడానికి ఒక యుద్ధం, సాయంత్రం ఇంకొకటి. ఒకరోజు బస్సు దొరక్క, దీపాలు పెట్టాక ఇల్లు చేరాను. బాపు అన్నం కలుపుతూ నెమ్మదిగా అన్నాడు, "ఇగ చాలు బిడ్డా. ఇంట్ల కూసోని సదువుకో. పరీక్షలు ప్రైవేటుగ రాద్దువు." ఆయన గొంతులో కోపం లేదు. కోపమైతే ఏడ్చి గెలిచేదాన్ని. ఉన్నదంతా భయం. భయపడే మనిషితో వాదించి గెలవలేమని అప్పుడు తెలియదు. (ఇప్పుడు మావారికి బాగా తెలుసు.)

నన్ను గట్టెక్కించడానికి చిన్నబాపు నడుం కట్టాడు. ఈయన బాపు తమ్ముడు, రేడియోలు బాగుచేసే కొట్టు నడిపేవాడు. (బాగుచేసిన వాటిలో కొన్ని పాడేవి కూడా.) "సైకిల్ కొనిద్దాం అన్నా" అన్నాడు. బాపు ముద్ద ఆపి, "ఆడివిల్ల బజార్ల కాళ్లాడిచ్చుకుంట పోతదారా? నలుగురు ఏమంటరు?" అన్నాడు. చిన్నబాపు కళ్లు మెరిశాయి. "అంటె కాళ్లు ఆడియ్యకుండ పోతె నీకు ఇబ్బంది లేదు కద?" అంటూనే ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

సైకిలు కిరాయి సైకిళ్ల దుకాణం నుంచి వచ్చింది. అంగట్లో అంతకన్నా చవకైనది దొరకదని చిన్నబాపు గర్వంగా చెప్పాడు. "ఊరోళ్లంత నేర్చుకున్న సైకిల్ ఇది. పడాల్సినన్ని సార్లు పడ్డది. ఇగ కొత్తగ ఖరాబయ్యేటిది ఏం లేదు." వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో పెద్ద ఏడు అంకె ఉండేది. ఎంత గీకినా పోలేదు. అందుకని నేను రోడ్డెక్కితే చాలు, "గంటకెంత అక్కా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. ఇక మోటారు. పాత జీపులోంచి విప్పిన డైనమో ఒకటి తెచ్చి, "దీనికి బ్యాటరీ కరెంటు ఇయ్యి, ఇదే మోటరయితది" అన్నాడు చిన్నబాపు. ఫిజిక్సు చదివేదాన్ని కాబట్టి నేను కూడా గంభీరంగా తల ఊపాను. డైనమో మూతికి ఒక రబ్బరు చక్రం, అది వెనక టైరును రాసుకుంటూ తిరుగుతుంది. క్యారియరు మీద చెక్కపెట్టె, అందులో జీపు బ్యాటరీ. పెట్టె మీద ఎర్రరంగుతో 'వైర్లు ముట్టరాదు' అని రాశాడు. హ్యాండిలుకు ఇంటి కాలింగ్ బెల్లు బొత్తాం. నొక్కి పట్టుకుంటే బండి నడుస్తుంది, వేలు తీస్తే ఆగుతుంది.

వేగం సంగతి చెప్పాలి. పెళ్లి ఊరేగింపు కన్నా కాస్త ఎక్కువ, రిక్షా కన్నా బాగా తక్కువ. నేను లంగా ఓణీ సర్దుకుని, పెడళ్ల మీద పాదాలు కదలకుండా పెట్టి, వెన్ను నిటారుగా కూర్చుంటే బండి దానంతటదే మూలుగుతూ పోయేది. బాపు దుకాణం ముందు నిలబడి చూసి, "ఫొటో దిగేటందుకు కూసున్నట్టున్నది" అని తృప్తిపడ్డాడు. కానీ వెంటనే వేలెత్తాడు. "ఇగో, ఒక్కనాడు బజార్ల లొల్లి అయినా, ఎవలన్న వచ్చి నాకు చెప్పినా, గదే ఆఖరు. సైకిలూ బందే, కాలేజీ బందే."

లొల్లి కాకుండా కొన్నాళ్లు గడిచాయి. అంతలో మేడారం జాతర వచ్చింది. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, జాతరకు వెళ్లి తల్లులకు మొక్కిన బంగారంతో తిరిగొచ్చింది. బంగారమంటే బెల్లమే, కానీ మా ఇంట్లో ఆ వారం దాన్ని బెల్లమంటే ఆమె ఊరుకోదు. మా అందరి నోట్లో తలా ముక్క పెట్టాక, పనిచేసే ప్రతి వస్తువుకూ ప్రసాదం అందాల్సిందే. కుట్టు మిషనుకు చిటికెడు, తిరగలికి చిటికెడు. తరువాత నా సైకిలు. ఎక్కడ పెట్టాలా అని చుట్టూ తిరిగి చూసింది. "పొద్దుగాల లేస్తె ఇదే నొక్కుతవు. ఇదే దీని పానం" అని బొత్తాం మీద పసుపు కుంకాలు పెట్టి, వాటి మీద ఇంత బంగారం అద్ది, బొటనవేలితో గట్టిగా అదిమింది. పైపైన తుడిచేశాను కానీ ప్రసాదాన్ని గీకి పారేయడానికి మనసొప్పలేదు. మూడోరోజుకు ఎండలో మెత్తబడిన బంగారం బొత్తాం సందుల్లోకి దిగిపోయిందని నాకేం తెలుసు?

ఆ పొద్దున బొత్తాం నొక్కాను. బండి కదిలింది. సందు మలుపులో ఆవు అడ్డొస్తే వేలు తీశాను. బండి ఆగలేదు. బొత్తాం లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. ఆవే మర్యాదగా తప్పుకుంది. బ్రేకు నొక్కితే వెనకాల డైనమో ఏడుపు, రబ్బరు కాలిన వాసన, సన్నగా పొగ. భయపడి వదిలేశాను. దూకుదామంటే బ్యాటరీ బరువుకు బండి నా మీదే పడేట్టుంది. ఇంతలో బాపు దుకాణం వచ్చింది. ఆయన ఎవరికో లుంగీ గుడ్డ కొలుస్తున్నాడు. "బాపూ! ఆగుతలేదు!" అని కేక పెట్టాను.

మా బాపు గద్దె మీంచి లేచి ఉరకడం బజారు ఏనాడూ చూడలేదు. చెప్పుల్లేకుండా, చేతిలో ఇనప మీటరు బద్దతో ఉరికొచ్చి, ఎడం చేత్తో క్యారియరు పట్టుకున్నాడు. వెనక్కి ఒకసారి గుంజాడు. బండి ఒరిగింది, పెట్టెలో బ్యాటరీ గుడగుడమంది. "గుంజకు బాపూ, ఆసిడు ఒలుకుతది!" అన్నాను. వైరు పీకుదామని నేను చెయ్యి వెనక్కి పెడితే, "ముట్టకు బిడ్డా! షాక్ కొడ్తది! రాసి ఉన్నది చూడు!" అని ఆయన అరిచాడు. (పన్నెండు వోల్టులతో మనిషికి ఏమీ కాదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. టక్కున చెయ్యి తీసేశాను.) ఇక చేసేదేముంది? నేను ఫొటోకు కూర్చున్నట్టు ముందుకు పోతున్నాను, బాపు బద్ద ఊపుతూ పక్కన ఉరుకుతున్నాడు.

చూసేవాళ్లకు ఇది ఎలా కనబడిందో మాకు పోచమ్మ మైదాన్ దగ్గర తెలిసింది. పూలమ్మే ఒకామె బుట్ట పక్కన పెట్టి లేచి నిలబడింది. "సేటూ, కొట్టకు! సదువుకునే పిల్ల!" బాపు కాదని చెప్పబోయాడు, ఊపిరందలేదు. బద్ద ఊపాడు. అది ఇంకా అపార్థమైంది. ములుగు రోడ్డు మీద ఇద్దరు రిక్షావాళ్లు వేగం తగ్గించి మా పక్కనే వచ్చారు. "జర ఠండాగ ఉండు సేటూ. పోనియ్యి కాలేజికి. ఏం పాపం చేసింది?" ఇంకొకడు నాతో, "అక్కా, నువ్వు ఫికర్ చెయ్యకు, తొక్కు! జల్ది తొక్కు!" అన్నాడు. కాలు కదపకుండా ఉండాలన్న బాపు షరతు నేను అప్పటికీ తప్పలేదు. ముసలాయన ఒకడు మాతోపాటు తాపీగా నడుస్తూ (అవును, నడుస్తూనే) బాపుకు హితం చెప్పాడు. "నా బిడ్డను నేను సదివియ్యలే. ఇప్పుడు ఏడుస్తాన్న. నువ్వు గట్ల చెయ్యకు తమ్మీ." బాపు ఆయన మొహంలోకి చూశాడు. క్యారియరు మాత్రం వదల్లేదు.

కాలేజీ గేటు దాటి, మైదానంలో రెండు చుట్లు తిరిగాక బ్యాటరీ నీరసించింది. బండి మూలిగి మూలిగి వరండా మెట్ల ముందు ఆగింది. మా ఫిజిక్సు మేడం పరుగున వచ్చి నాకు అడ్డం నిలబడింది. "కొట్టకండి. తెలివైన పిల్ల. మానిపించకండి" అంది. బాపు మెట్టు మీద కూలబడి, చాలాసేపు రొప్పి, చివరికి అన్నాడు, "కొట్టెటందుకు కాదమ్మా. పడకుండ పట్టుకునెటందుకు వచ్చిన." అప్పుడుగానీ తన చేతిలో బద్ద ఉందని ఆయనకే తెలియలేదు. దాన్ని సిగ్గుగా కండువాలో చుట్టి పక్కన పెట్టుకున్నాడు.

ఎవరో నీళ్లిచ్చారు. తాగి, గదులకేసి, వరండాలో నవ్వుతూ పోతున్న అమ్మాయిలకేసి చూశాడు. ఆయన అక్కడికి రావడం అదే మొదటిసారి. "ఇంతేనా దూరం? ఇంట్ల కూసుంటె ఏడనో ఉన్నట్టనిపిచ్చేది." నేను తల వంచుకుని నిలబడ్డాను. ఇంతకన్నా పెద్ద లొల్లి ఏముంటుంది? ఇదే ఆఖరు. "గట్ల నిలవడ్డవేంది?" అన్నాడు. "గంట గొట్టిన్రు. పో, కిలాసుకు పో."

సాయంత్రం చిన్నబాపు బొత్తాం విప్పితే లోపల బంగారమూ, దాని చుట్టూ చీమలూ. బాపమ్మ ఇసుమంత కూడా బెదరలేదు. "తల్లే ఆగనియ్యలే. పిల్ల సదువు ఆగొద్దని" అంది. చిన్నబాపు కొత్త బొత్తాం బిగించబోతే బాపు వద్దన్నాడు. "మోటరు తీసెయ్యిరా. సైకిల్ ఉండనీ." "మరి కాళ్లు అన్నా?" "ఆడిస్తె ఆడిచ్చింది. కాళ్లతోని పోయేటిది ఆపుకుంటె ఆగుతది కద." ఏడో నంబరు సైకిలు మీద, బజారు నడుమ కాళ్లాడించుకుంటూ నేను డిగ్రీ పూర్తిచేశాను.

ఇప్పుడు మా పాపకు మూడేళ్లు. దాని మూడు చక్రాల సైకిలుకు పాత చున్నీ కట్టి, రెండో కొస నా చేతికి చుట్టుకుని వాకిట్లో తిప్పుతుంటాను. "అది సైకిలా, మేకపిల్లా?" అంటారు మావారు. పాప ఇప్పుడు పక్కన నిద్రపోతున్నా, దాని గౌను అంచు నా ఎడం చేతిలోనే ఉంది. ఇవాళ సాయంత్రం బాపు వచ్చాడు. వాకిట్లో మా ఇద్దరినీ కాసేపు చూశాడు. "ఊకె పట్టుకో బిడ్డా. గుంజకు" అన్నాడు. అంతే. ఆనాడు ఆయన గుంజింది ఒక్కసారే. మిగిలిన దారంతా ఊరికే పట్టుకున్నాడు. నేను చున్నీ వదులు చేశాను, పూర్తిగా కాదు, కొంచెం. పాప నవ్వుతూ ముందుకు పోయింది. దాని వెనక నాకు ఇంకో పిల్ల కనబడింది. ఓణీ ఎగురుతుంటే, కాలు కదపకుండా, "ఆగుతలేదు బాపూ!" అని అరుస్తూ ములుగు రోడ్డు మీద పోతోంది. దాన్ని చూసి నవ్వొచ్చింది. ఆపాలని మాత్రం అనిపించలేదు.