జపాన్ పెట్టె కోసం సత్యవేడు దాకా

సత్యవేడుకు ఎవరైనా పొలం పని మీద పోతారు, లేదా పిల్లను చూడటానికి పోతారు. నేను పెళ్ళి చదివింపుల్లో పోగొట్టుకున్న, గిటారు శబ్దం మార్చే పెట్టెను తెచ్చుకోవడానికి పోయాను. ఈ పని మీద ఇంకొకరు పోవాల్సిన అవసరం రాదనే నమ్ముతాను. అయినా దారి తెలిసి ఉండటం మంచిదే గదా అని రాస్తున్నాను.

నేను తిరుపతిలో ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాను. ఇది వీడియో క్యాసెట్ల నాటి మాట, అప్పుడే మా ట్రూపులోకి కీబోర్డు వచ్చింది. వచ్చిన ఏడాదికే వయొలిన్ వాళ్ళిద్దరినీ, ఫ్లూటాయననూ ఇంటికి పంపింది. తరువాతి వంతు నాదేనని గాలిలోనే తెలుస్తూ ఉండేది. అందుకని రెండేళ్ళు కూడబెట్టి, మద్రాసులో సినిమాలకు వాయించే ఒకాయన దగ్గర జపాన్ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ కొన్నాను. గిటారు తీగ దీంట్లో దూర్చి మీట నొక్కితే చాలు, శబ్దం మారి బయటికి వస్తుంది. ఒక మీటకు గుహలో వాయించినట్టుంటుంది, ఇంకో మీటకు నలుగురు కలిసి వాయించినట్టుంటుంది.

ఆ పెట్టె కట్టుబడి గురించి చెప్పాలి. మూరెడు పైచిలుకు వెడల్పు, మూడు వేళ్ళ ఎత్తు. ఒళ్ళంతా నల్లటి ఇనుప రేకు. మీటలు నొక్కితే బీరువా తాళం పడ్డట్టు టక్కుమంటాయి. ముందు రేకు రెండు పక్కలా చెవుల్లాగా బయటికి వచ్చి ఉంటుంది. ఆ చెవుల బొక్కల్లో స్క్రూలు బిగించి పెట్టెను ఒక చట్రంలో కూర్చోబెట్టాలి. అటువంటి చట్రం మా ఊళ్ళో దొరకదు. చేయమని వడ్రంగికి చెప్పాను.

ఆ చట్రం తయారు కాకముందే తిరుచానూరులో ఒక పెళ్ళికి వాయించాము. పెట్టెను పెట్టడానికి చోటు లేక, ప్లగ్గు దగ్గరగా ఉందని వేదిక పక్కనున్న బల్ల మీద పెట్టి భోజనానికి పోయాను. అది చదివింపుల బల్ల. సాంబారు పోసుకుంటూ ఉండగా మైకులో పెళ్ళికూతురి మేనమామ గొంతు వినిపించింది.

"ఆర్కెస్ట్రా గిటారు మునిరత్నం సదివించినది, జపాన్ వీడియో డెక్కు ఒకటీ!"

మునిరత్నం అంటే నేనే, పెట్టె మీద నా పేరు రాసి పెట్టుకున్నాను. మంటపమంతా చప్పట్లు కొట్టింది. పెళ్ళికూతురి తండ్రి పరుగున వచ్చి, ఎంగిలి చేత్తో ఉన్న నన్ను కావలించుకుని, విస్తట్లో ఇంకో రెండు లడ్లు వేయించాడు. లడ్డు నోట్లో పెట్టుకుని "అది నాది, ఇవ్వండి" అనడానికి నాకు నోరు రాలేదు. వచ్చేసరికి పెట్టె మగపెళ్ళివారి బస్సు టాపెక్కి సత్యవేడు పోయింది.

సంగతి విన్న మా ట్రూపు నడిపే మాస్టారు తల పట్టుకున్నాడు. "శనివారం చిత్తూరులో కచేరీ ఉండాది. రికార్డులో మాదిరి వాయిస్తే వాయించు, లేదంటే నీ పాటలు గూడా కీబోర్డే వాయించేస్తాది" అన్నాడు.

శనివారం పొద్దున ఆరు గంటలకు సత్యవేడు బస్సెక్కాను. చట్రం ఆ పొద్దునే చేతికి వచ్చింది. సత్యవేడు నుంచి నేరుగా చిత్తూరు పోవాలి గనుక ఒక భుజాన గిటారూ, ఒళ్ళో ఖాళీ చట్రమూ. ఈ దారిన పోయేవాళ్ళు కుడివైపు కూర్చోండి, ఎండ ఎడమవైపు వాళ్ళను చూసుకుంటుంది. కండక్టరు చట్రానికి లగేజీ టికెట్టు కొట్టబోయి ఆగాడు.

"కోళ్ళ గూడా అప్పా?"

"కాదు. దీంట్లో పెట్టాల్సిందాని కోసమే పోతున్నాను."

"అయితే వచ్చేటప్పుడు టికెట్టు" అని దయ చూపాడు.

నా పక్కన చెయ్యి మెడకు వేలాడేసుకున్న పెద్దాయన కూర్చున్నాడు. పుత్తూరులో ఎముకలు కట్టించుకోవడానికి పోతున్నాడు. నా ఒళ్ళో చెక్కలు చూసి జాలిపడ్డాడు. "చెక్కలు ఆళ్ళే కడతార్రా అబ్బా, ఇంటికాడ నుంచి తెచ్చే పని లే. నీకు యాడ ఇరిగినాది?"

"ఇంకా ఏమీ విరగలేదు. సాయంత్రానికి తెలుస్తుంది" అన్నాను.

పుత్తూరులో ఇడ్లీ మెత్తగా ఉంది, శెనక్కాయల చట్నీ కారంగా ఉంది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. నాగలాపురం దాటాక రోడ్డు పాడు. చట్రం ఎగిరెగిరి గడ్డానికి కొట్టుకుంటూ ఉంటే, ఇదే దారిలో నా పెట్టె బస్సు టాపు మీద పోయిందని గుర్తొచ్చి చట్రాన్ని రెండు చేతులా అదిమి పట్టుకున్నాను.

సత్యవేడు చేరేసరికి పది దాటింది. పెళ్ళికొడుకు ఇల్లు కనుక్కోవడం తేలిక, పందిరి ఇంకా విప్పలేదు. నన్ను చూడగానే అతని ముఖం వెలిగింది.

"రా అన్నా! క్యాసెట్టు దూర్చే సందు యాడుండాదో సూపించు. మూడు దినాలుగా ఎతకతా ఉండా."

"పెట్టె ఎక్కడుంది?"

వంటింటి గడప పక్కకు చెయ్యి చూపాడు. నా పెట్టె మీద నిండు ఇత్తడి బిందె కూర్చుని ఉంది. చెమ్మ పక్కల నుంచి కారుతోంది. చట్రాన్ని వాకిట్లోనే వదిలేసి లోపలికి పరుగెత్తాను.

బిందె పక్కన పెళ్ళికొడుకు అవ్వ వక్కాకు నములుతూ కూర్చుంది. "మంచి వస్తువు ఇచ్చినావబ్బా" అంది. "ముందు పెట్టిన పీట కుంగిపోయినాది. ఇది ఎంట్రుకంత గూడా కుంగలా."

ఇక దాచలేక, అది వీడియో కాదనీ, నేను చదివించలేదనీ, అది లేకపోతే ఈ రాత్రి నుంచి నాకు పని ఉండదనీ మొత్తం చెప్పేశాను. పెళ్ళికొడుకు బిత్తరపోయాడు. అవ్వ మాత్రం ఒక్కసారి ఉమ్మి వచ్చి కూర్చుంది.

"క్యాసెట్టు పట్టని వీడియో యాడైనా ఉంటాదా? నాకు తెలుసులే. కానీ మైకులో సదివించిన వస్తువు ఊరికే గడప దాటగూడదబ్బా, కొత్త కోడలు కాలు పెట్టిన ఇల్లు. నీ ఇంట్లో శుభకార్యం జరిగితే మేము తిరిగి సదివిస్తాము. నీ పెండ్లి ఎప్పుడు?"

"ఇంకా సంబంధాలే రాలేదవ్వా."

"సెల్లెలు?"

"దాని పెళ్ళి అయిపోయింది."

"పోనీ, ఇల్లేమన్నా కడతా ఉండావా?"

"బాడుగ ఇల్లు."

అవ్వ ఆలోచిస్తూ వాకిట్లోకి చూసింది. "అదేమి?"

"చట్రం. పెట్టె దాంట్లోనే ఉండాలి."

"ఎప్పటికీ దాంట్లోనేనా?"

"ఎప్పటికీ."

"కొత్తదేనా?"

"ఈ పొద్దే తెచ్చాను."

"మరి ఇదే గదరా గృహప్రవేశం!" అని అవ్వ లేచింది.

ఆ తరువాత నేను చేసిందేమీ లేదు. కొత్త కోడలు పాలు పొంగించింది. చట్రం ముందు పలకకు పసుపు రాశారు, పందిరి నుంచి రెండు మామిడాకులు తెచ్చి కట్టారు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. పెళ్ళికొడుకు పెట్టెను తుడిచి ఎత్తుకుంటే, "కుడి సెవి ముందు పెట్టు" అని అవ్వ కేకేసింది. కుడిచెవి ముందుగా పెట్టె లోపలికి పోయింది. వడ్రంగి స్క్రూ బొక్కలు ఒక పక్క కొంచెం కిందికి కొట్టాడు. అయితే జపానువాడు ఇటువంటి వడ్రంగులుంటారని ముందే ఊహించినట్టు చెవుల బొక్కలు కోలగా కోశాడు. స్క్రూలు నాలుగూ బిగిశాయి. అవ్వ చెయ్యెత్తి అరిచింది.

"మునిరత్నం కొత్తింటికి మా ఇంటోళ్ళు సదివించినది, జపాన్ వీడియో డెక్కు ఒకటీ!"

వైరు ప్లగ్గులో పెట్టాను. ఎర్ర అంకెలు వెలిగాయి. నీళ్ళ బిందె కింద మూడు రోజులున్న పెట్టె! నాకు అవ్వ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను.

బయలుదేరుతుంటే వెనక టంగుమని చప్పుడైంది. బిందెను పాత పీట మీదికి మార్చినట్టున్నారు. అది ఒక పక్కకు ఒరిగి, నీళ్ళు గడప మీదికి చిందుతున్నాయి. "పోనీలేబ్బా, నువ్వు పో" అంది అవ్వ.

ఒంటిగంట బస్సుకు మళ్ళీ అదే కండక్టరు. "కోడి దొరికినట్టుంది" అని లగేజీ టికెట్టు కొట్టాడు. పుత్తూరులో బస్సు మారి, చీకటి పడకముందే చిత్తూరు చేరాను. మామిడాకులతో స్టేజీ ఎక్కిన పెట్టెను చూసి అందరూ నవ్వారు. మొదటి పాటలో గిటారు వంతు రాగానే గుహ మీట నొక్కాను. నవ్విన వాళ్ళు తలలు తిప్పారు. పాట అయ్యాక మాస్టారు కీబోర్డతనితో, "గిటారు పాటలు నువ్వు ముట్టొద్దు" అన్నాడు. నాకు కళ్ళు తడిశాయి, తల వంచుకుని తీగ శ్రుతి చేసుకున్నాను.

మర్నాడు పొద్దున తిరుపతి బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పసుపు ఇంకా పోలేదు. బస్సు టాపునూ, బిందెనూ, మా వడ్రంగినీ తట్టుకున్న వస్తువుకు ఇక భయం లేదు. మీరు కొంటే నిశ్చింతగా కొనండి, చదివింపుల బల్ల మీద మాత్రం పెట్టకండి. నా మనసంతా ఆ గడప మీద చిందిన నీళ్ళ దగ్గరే ఉంది.

బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా వడ్రంగి దగ్గరికి పోయాను. పెట్టెను చూపించి, అదే వెడల్పు, అదే ఎత్తు, కుంగని టేకు చెక్కతో ఒక పీట కావాలన్నాను.

"దాని మీద ఏం మిషను పెడతావప్పా?" అన్నాడు.

"మిషను కాదు, బిందె" అన్నాను. "చదివింపులు తిరిగి ఇచ్చుకోవాలి గదా."