పైన ఉన్నవాళ్ళు

వేరే లోకంలో ప్రాణి జాడ దొరికిందని టీవీలో చెప్పిన రోజుల్లో నేను ఇటిక్యాల దగ్గరి ఒక ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు అయి ఉంటుంది. అప్పటికి గద్వాల జిల్లా కాలేదు, అంతా పాలమూరే. వరసగా కరువు. పొద్దున గద్వాలలో బస్సెక్కి, దిగి, బడి దాకా నడిచే దారిలో సగం ఇళ్ళకు తాళాలు ఉండేవి. ఆ ఇళ్ళవాళ్ళు పుణెకో బొంబాయికో కూలీలను పోగుచేసి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట కూలికి పోయినవాళ్ళు.

మా నాన్న గద్వాలలో ఒక చిన్న మసీదులో అజాన్ ఇచ్చేవాడు. మిగతా వేళల్లో బట్టలు కుట్టేవాడు. నేను ఐదు పూటలా నమాజు చదివే కొడుకును కాను. చిన్నప్పటి నుంచీ నాకు నక్షత్రాల పిచ్చి. ఎక్కడో ఇంకో చోట ప్రాణం ఉండే ఉంటుందని, నేను బతికుండగానే ఆ సంగతి తేలాలని నా ఆశ. నాన్న నన్ను బలవంతపెట్టలేదు, నేనూ ఆయనతో వాదించలేదు.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. అక్కా అని పిలిచేవాణ్ణి. ఆమె కూతురు నా దగ్గర ఏడో తరగతి చదివింది. విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో పూలకు పుప్పొడి రుద్దే పని ఉన్నన్నాళ్ళు బడి మానేది. తిరిగొచ్చాక పోయిన పాఠాలన్నీ పక్కపిల్ల నోట్సు చూసి రాసుకునేది. అక్షరాలు పెద్దవిగా, దూరదూరంగా ఉండేవి. ఒక ఏడు వానల్లేక ఆ పత్తి పని కూడా లేకుండా పోయింది. తల్లిదండ్రులు పుణె వెళుతూ పిల్లనూ తీసుకుపోయారు. అక్కడ పిల్లకు జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోయేసరికే ఆలస్యమైంది. శవాన్ని ఇంత దూరం తేవడం కుదరదన్నాడట మేస్త్రీ. కూలీల గుడిసెల వెనక ఖాళీ జాగాలో తండ్రే గుంత తీసి పూడ్చాడు. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, కానీ అక్కడ ప్రార్థన చేయడానికి పాస్టర్ లేడు. మూడో రోజు భార్యాభర్తలిద్దరూ మళ్ళీ పనికి వెళ్ళారు.

ఊరికి తిరిగొచ్చాక తల్లి ఎవరితోనూ మాట్లాడలేదు. ఊరి చర్చి పాస్టరయ్య రోజూ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి గడప దగ్గర కూర్చునేవాడు. ఆయనా ఆ ఊరివాడే, ఒకప్పుడు ఆ కూలి బతుకే బతికినవాడు. నీ బిడ్డ ఆ గుంతలో లేదు, పైన ఉంది, చల్లగా ఉంది అని చెప్పేవాడట. చాలా రోజులకు ఆమె ఆ మాట పట్టుకుని లేచింది. అప్పుడే హెడ్మాస్టరు బడిలో వంట పని ఇప్పించాడు. బియ్యం చెరుగుతూ చెరుగుతూ చేట ఆపి ఒకసారి తలెత్తి ఆకాశం చూసేది. మళ్ళీ పనిలో పడేది. పిల్లలు అది చూసి నవ్వితే నేను కసిరాను.

అట్లాంటి రోజుల్లో ఆ వార్త వచ్చింది. వేరే గ్రహం మట్టిలో ప్రాణం ఉన్న ఆనవాళ్ళు దొరికాయని, ఇది తిరుగులేని రుజువని ఒక న్యూస్ చానెల్ పొద్దంతా చెప్పింది. చెప్పేది కంటికి కనబడని సూక్ష్మజీవుల సంగతి, చూపించేవి మాత్రం పెద్ద కళ్ళ, బోడి తలల బొమ్మలు. మర్నాడు పేపర్లో కూడా పడింది. నేను ఆ ముక్క కత్తిరించి బోర్డుకు అతికించాను. తొమ్మిదో తరగతికి ఆ రోజు పుస్తకం తెరవలేదు. నా ఇరవయ్యేళ్ళ ఆశ తీరిన సంబరంలో గొంతు పెంచి చెప్పుకుపోయాను. ఇక అన్ని మతాల గ్రంథాలూ తిరగరాయాల్సిందే అన్నాను. పైన స్వర్గం లేదు, నరకం లేదు, అన్నీ మన భూమి లాంటి మట్టి ముద్దలే, వాటి మీద వేరేవాళ్ళు ఉన్నారు, ఇక దాచలేరు అన్నాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

వంట రేకుల షెడ్డు ఆ తరగతి కిటికీకి పదడుగుల దూరం. ఆ రోజు అన్నం అడుగంటింది. పిల్లలు మాడు వాసన అంటూనే తిన్నారు. నేను పట్టించుకోలేదు.

ఊళ్ళో ఆ వార్త నాలుగైదు రోజులు నలిగింది. చాయ హోటల్లో టీవీ ముందు జనం నిలబడి చూశారు. యుగాంతమన్నవాళ్ళున్నారు. ఆంజనేయుడి గుడి పూజారి, మన పురాణాల్లో పద్నాలుగు లోకాలు ఎప్పుడో చెప్పారు గదా, వీళ్ళు ఇప్పుడు కనిపెట్టేదేముందని తేల్చేశాడు. పొలం బీడు పెట్టుకున్న ఒక ముసలాయన నన్ను ఆపి, వాళ్ళకైనా వానలు పడుతున్నాయేమో కనుక్కోమన్నాడు. అందరూ నవ్వారు. ఇంట్లో మా నాన్నను అడిగితే మిషన్ ఆపకుండానే జవాబిచ్చాడు. మనం రోజూ నమాజులో లోకాల యజమాని అనే పిలుస్తాం, ఒక్క లోకం యజమాని అని కాదు, ఉంటే వాళ్ళూ ఆయనవాళ్ళే అన్నాడు. నమ్మకాలు కూలిపోతాయనుకున్న నేను కొంచెం చిన్నబోయాను. ఎవరి దేవుడికీ ఏమీ కాలేదు. అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు.

ఐదో రోజు, పిల్లలు తిని వెళ్ళాక, వంట చేసే అక్క నా దగ్గరికి వచ్చి నిలబడింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"సారూ, పైన వేరేటోళ్ళు ఉన్నరని చెప్పిన్రు గద. నేను విన్న."

మనుషులు కాదక్కా, పురుగు కంటే చిన్నవి అన్నాను. అది ఆమెకు ఎక్కలేదు.

"ఎవరైతేంది. జాగ ఆళ్ళదైతే మా పాపను యాడ పెట్టిన్రు?"

నేను తడబడ్డాను. మీ స్వర్గం వేరక్కా, ఈ ఆకాశం వేరు, రెండూ ఒకటి కావు అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. "లేదని మీరే అన్నరు గద సారూ," అంది. ఆ గొంతులో కోపం లేదు. సారు అన్నాడు కాబట్టి నిజమే అయి ఉంటుందని నమ్మిన గొంతు అది. ఆమె గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ఆమె చర్చికి పోలేదు. తర్వాతి ఆదివారమూ పోలేదు. ఆకాశం వైపు చూడడం మానేసింది, ఇప్పుడు పిల్లలు ఆ సంగతి కూడా గమనించి నాకు చెప్పారు. పాస్టరయ్య ఇంటికి వెళ్ళి కూర్చుంటే లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసిందట. నేను సిగ్గు విడిచి ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. తిడతాడనుకున్నాను. ఆయన చాప పరిచి కూర్చోమన్నాడు. మీరు చర్చిలో అందరి ముందూ చెప్పండి, సారు మాట తప్పని నేనే అన్నానని చెప్పండి అని బతిమాలాను.

"నెలల తరబడి ఆ గడపల కూసొని చెప్పిన మాట సారూ అది. ఒక్క పీరియడ్ల తీసేసిన్రు. మళ్ళ పెట్టేది నాతోని కాదు."

ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి. నాకూ బిడ్డలున్నారు, నాకూ అనుమానాలు రావా సారూ, అయినా ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర ఆ ఒక్క మాటే ఉండె అన్నాడు. నేను తల వంచుకుని వచ్చేశాను.

మరో రెండు వారాలకు పేపర్లో, లోపలి పేజీలో, ఒక మూలన నాలుగు వరుసల వార్త వచ్చింది. ఆ ఆనవాళ్ళు ప్రాణివి కావని, పరీక్షలో పొరపాటు జరిగిందని వేరే శాస్త్రవేత్తలు తేల్చారట. చానెల్ వాళ్ళు దాని ఊసే ఎత్తలేదు. మామూలుగా అయితే నా గుండె చెరువయ్యేది. ఆ రోజు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. ఆ ముక్క జేబులో పెట్టుకుని బడి కాగానే ఆమె ఇంటికి నడిచాను. ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. భర్త పక్కన బీడీ తాగుతున్నాడు. చదవడం రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. రెండుసార్లు చదివాను.

"అంటే పైన ఎవ్వరు లేరా?" అంది.

"లేరక్కా. అది తప్పు వార్త. నేను చెప్పింది తప్పు."

"ఎవ్వరు లేరు," అని తనలో తను అనుకున్నట్టు ఇంకోసారి అంది. రాయి ఒకటి ఏరి పక్కన పడేసింది. "అయితే నా బిడ్డ ఆ గుంతలనే ఉన్నట్లు."

భర్త బీడీ కింద పడేశాడు. అట్ల కాదక్కా, అట్ల కాదు అని నేను ఏదేదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు. దేవుడున్నాడని కూడా అన్నట్టున్నాను. నేను ఎన్నడూ గట్టిగా నమ్మని మాట ఆమె ముందు ప్రమాణం చేసినట్టు చెప్పాను. ఆమె వినడం లేదు. చేట పక్కన పెట్టి, ఆ జాగాకు పోవాలె అని భర్తతో అంది, నేను అక్కడ లేనట్టే.

ఆ వారంలోనే ఇద్దరూ పుణె బస్సెక్కారు. మేస్త్రీ పిలవలేదు, పని ఉందని కబురూ రాలేదు. వంటకు ఇంకొకామె వచ్చింది.

మరుసటి ఏడు పరీక్షలయ్యాక భర్త ఒక్కడే బడికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. పాప ఫోటో ఏదన్నా బడిలో ఉంటుందేమో కనుక్కోమని భార్య పంపిందట. వాళ్ళ దగ్గర ఒక్కటీ లేదు. హెడ్మాస్టరు గదిలో బీరువా వెతికితే ఒక పంద్రాగస్టు గ్రూపు ఫోటో దొరికింది. వెనక వరసలో ఉంది పిల్ల. ముందున్న పిల్ల జడ అడ్డమొచ్చి సగం మొహమే కనబడుతోంది. అతను దాన్ని చొక్కా లోపల దాచుకున్నాడు. చెట్టు కింద కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పాడు.

వాళ్ళు వెళ్ళేసరికి ఆ ఖాళీ జాగా లేదట. గుడిసెలు తీసేశారు. అక్కడ ఆరంతస్తుల బిల్డింగు లేచింది.

"యాడనో తెల్వలే సారూ. నేను తీసిన గుంతనే, నాకే తెల్వలే. ఆమె మాత్రం తిరిగి తిరిగి ఒక పిల్లర్ కాడ నిలబడ్డది. ఈడనే అన్నది."

ఆ బిల్డింగులోనే ఆమె ఊడ్చే పనికి కుదిరింది. కింద బండ్లు నిలిపే చోటు రోజూ ఆమే ఊడుస్తుంది. ఊరికి రమ్మంటే రాదు. ప్రార్థన చేయదు, ఏడవదు, ఎవరినీ ఏమీ అనదు. ఇదంతా చెప్పి, మీ మీద ఆమెకు కోపం లేదు సారూ, మీరే నిజం చెప్పిన్రు అంటది అన్నాడు అతను. నన్ను ఓదార్చడానికి అన్నాడు. కోపం ఉందని అన్నా అంతకంటే నయమయ్యేది.

ఆ సంగతి మా నాన్నకు చెప్పాను. ఆయన దారం నోట్లో తడుపుకుంటున్నవాడు ఆగి, సూదిని దిండుకు గుచ్చాడు. లోకాల యజమాని మాట ఈసారి ఎత్తలేదు. చనిపోయిన పిల్ల పేరేమిటని మాత్రం అడిగాడు. చెప్పాను. ఆ పూట నమాజులో ఆ పేరు కూడా కలుపుకున్నాడనుకుంటా.

తర్వాత నాకు ఉప్పునుంతల వైపు బదిలీ అయింది. అక్కడా కరువే, అక్కడా వలసలే. విశ్వం పాఠం వచ్చినప్పుడు బొమ్మలు గీసి దూరాలు చెబుతాను, అంతకు మించి చెప్పను. ఒకసారి ముందు బెంచీలో కూర్చున్న పిల్ల లేచి, పైన ఎవరన్న ఉంటరా సారూ అని అడిగింది. తెల్వదు అన్నాను. ఇంకేమన్నా చెబుతానేమోనని ఆ పిల్ల కాసేపు నిలబడి, నేను బోర్డు వైపు తిరిగాక కూర్చుంది.