శశికాంత్ కనిపెట్టిన పురుగు

అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్లోని మా అపార్ట్‌మెంట్లలో చలికాలంలో కూడా తాజా కరివేపాకు దొరికేది ఉమ ఇంట్లోనే. ఎనిమిదేళ్లుగా ఆ చెట్టుని పెంచుతూ వచ్చింది. అక్టోబర్ రాగానే కుండీని లోపలికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టేది. నేను వారం వారం నాలుగు రెబ్బలు తెచ్చుకునేదాన్ని. కాబట్టి ఆమె భర్త శశికాంత్ గురించి నేను రాసేదాంట్లో పక్షపాతం ఉంటే ఉంటుంది.

శశికాంత్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పద్నాలుగేళ్లుగా గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నాడు, క్యూ కదలదు. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకి వేరే పొట్టి క్యూ ఉందని ఎవరో చెవిలో వేశారు. ప్రతిభ విషయంలో ఆయనకి అనుమానం లేదు, రుజువే లేదు.

సరిగ్గా అప్పుడే కుండీ మట్టిలోంచి చిన్న నల్ల పురుగులు లేచాయి. ఫంగస్ న్యాట్లట. వాటిలో ఇంకా ఎవరూ పేరు పెట్టని జాతులు బోలెడున్నాయని నెట్‌లో చదివాడు.

"మనీషా గారూ, కొత్త స్పీషీస్ డిస్కవర్ చేస్తే పేపర్ పబ్లిష్ చేయొచ్చు. గ్రీన్ కార్డ్ పిటిషన్ స్ట్రాంగ్ అయిపోద్ది!"

"పురుగుతోనా అన్నయ్యగారూ?"

"పురుగైతే ఏంటండీ?"

మైక్రోస్కోప్ కొన్నాడు. పురుగు మీసాల పైన రెండు కళ్లూ కలిసిపోతే అదొక కుటుంబం కిందికి వస్తుందట, వీటికి కలిశాయి. అక్కడిదాకా బాగానే ఉంది. జాతి తేలాలంటే మాత్రం మగ పురుగు వెనకభాగం చూడాలి. ఆఫీసులో సీనియర్ సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ అయిన మనిషి శని ఆదివారాలు ఆ పనిలోనే గడిపాడు. తన ఎక్సెల్‌లో పదకొండు జాతులు ఎక్కించుకుని, వాటిలో ఏదీ సరిపోలేదు కనక ఇది కొత్తదేనని తేల్చేశాడు. సిఫారసు ఉత్తరం రాయాల్సిన మేనేజర్ పేరు దానికి పెట్టేశాడు కూడా.

"ఏవండీ, ఆకులు పసుపెక్కుతున్నాయి. మట్టి ఆరనిస్తే పురుగులు పోతాయి" అంది ఉమ.

"ఆరిపోతే శాంపిల్స్ ఎక్కడ్నించి వస్తాయి? ఇంకో ఇరవై మగవి కావాలి."

రెండు పూటలా తనే నీళ్లు పోశాడు. పురుగుల పిల్లలు మట్టిలో వేళ్లు కొరికేశాయి. మార్చిలో చెట్టు చచ్చిపోయింది. నేను ఏడ్చాను. ఉమ ఏడవలేదు, నాకు భయమేసింది.

ఏప్రిల్‌లో, ఆయన శాంపిల్స్ పంపిన ఒక యూనివర్సిటీ నిపుణురాలి నుంచి జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. 'ఇది ఇళ్లలో తడి కుండీల్లో ఎక్కడైనా ఉండే పురుగే. నీళ్లు తగ్గించండి.'

శశికాంత్ దాన్ని ప్రింట్ తీసి ఫైల్లో పెడుతున్నాడు. "ఎక్స్‌పర్ట్‌తో కరస్పాండెన్స్. ఇది కూడా ఎవిడెన్సే" అన్నాడు నాతో.

ఉమ వంటింట్లోంచే అంది, "మీకు అసాధారణ ప్రతిభ లేదని తేల్చడానికి అంత దూరం రాయాలా అండీ? నన్నడిగితే చెట్టు బతికుండగానే చెప్పేదాన్ని."

శశికాంత్ ఫైలు మూశాడు. ఆ పూట చారులో కరివేపాకు లేదన్న మాట కూడా ఎత్తలేదు.